తీగ దారిలో ఉన్నవారి మాట: విద్యుత్ సంస్థలు, ప్రజలతో సంప్రదింపులు

సరుకు నచ్చకపోతే కొనేవారు మరో దుకాణానికి వెళ్తారు. విద్యుత్తు విషయంలో ఆ వీలు లేదు. ఒకే వీధిలో రెండు సంస్థలు రెండు వరుసల స్తంభాలు పాతి, రెండు జతల తీగలు లాగి పోటీ పడటం ఖర్చు దండగ గనుక, దాదాపు అన్ని దేశాల్లోనూ ఒక ప్రాంతానికి ఒకే పంపిణీ వ్యవస్థ ఉంటుంది. బ్రిటన్ వంటి చోట్ల బిల్లు వేసే కంపెనీని మార్చుకునే స్వేచ్ఛ వినియోగదారుకు ఉన్నా, ఇంటి దాకా వచ్చే తీగ మాత్రం ఆ ప్రాంతపు నెట్‌వర్క్ సంస్థదే. పైకప్పు మీద సౌర ఫలకాలు పెట్టుకున్నవారిలో కూడా చాలామంది రాత్రి వేళ అదే తీగ మీద ఆధారపడతారు. ఒక సంస్థ తీరు నచ్చనివారికి రెండు దారులు ఉంటాయని, విడిచి వెళ్లిపోవడం ఒకటైతే, ఉన్నచోటే ఉండి నోరు విప్పి చెప్పడం రెండోదని ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో వివరించారు. విద్యుత్ రంగంలో మొదటి దారి ఆదిలోనే మూసుకుపోయింది. పోటీ మార్కెట్‌లో కొనుగోలుదారు వెళ్లిపోతాడన్న భయం చేసే పనిని ఇక్కడ సంప్రదింపులే చేయవలసి ఉంటుంది. ఈ సంగతి మరచి, ప్రజలతో మాట్లాడటాన్ని ప్రచార విభాగానికి అప్పగించి చేతులు దులుపుకున్న సంస్థలు తరువాత న్యాయస్థానాల్లోనో చట్టసభల్లోనో అంతకు మించి మూల్యం చెల్లించిన సందర్భాలు చాలా ఉన్నాయి.

ఎవరితో మాట్లాడాలన్నది మొదటి ప్రశ్న. సంస్థ లక్ష్యాల వల్ల ప్రభావితమయ్యేవారూ, ఆ లక్ష్యాలను ప్రభావితం చేయగలిగేవారూ స్టేక్‌హోల్డర్లేనని నిర్వహణ శాస్త్ర ఆచార్యుడు ఎడ్వర్డ్ ఫ్రీమన్ 1984లో ఇచ్చిన నిర్వచనం ఇప్పటికీ వాడుకలో ఉంది. ఆ మాటకు తెలుగులో సరైన సాటి దొరకడం కష్టం, ఆ కష్టంలోనే అసలు సమస్య కనిపిస్తుంది. వాటాదారు అంటే షేర్లు కొన్నవారని అర్థం వస్తుంది. భాగస్వామి అంటే ఇష్టపడి చేతులు కలిపినవారు. లబ్ధిదారు అంటే మేలు పొందినవారు. పొలం నడుమ హైటెన్షన్ టవరు నిలబడిన రైతు ఈ ముగ్గురిలో ఎవరూ కారు. ఆయన షేర్లు కొనలేదు, చేతులు కలపలేదు, ఆ లైన్లో ప్రవహించే కరెంటు ఆయన ఇంటికి వస్తుందన్న హామీ కూడా లేదు. అయినా ఆ లైను ఉన్నంత కాలం ఆయనకూ సంస్థకూ పొత్తు తప్పదు. బిల్లు కట్టేవారు, లైను పక్కన నివసించేవారు, మేత భూమి కోల్పోయేవారు, స్తంభం ఎక్కే కాంట్రాక్టు కార్మికులు, అప్పు ఇచ్చిన బ్యాంకులు, స్థానిక పాలక సంస్థలు, ఆసుపత్రులు, ఇంట్లో శ్వాసయంత్రం మీద బతుకుతున్న రోగులు, వీరందరినీ కలిపి చెప్పాలంటే ‘సంబంధిత పక్షాలు’ అన్న కాస్త పొడి మాటే దిక్కు.

ఈ పక్షాల ప్రయోజనాలు ఒకదానికొకటి అడ్డు తగులుతాయి. వినియోగదారు చార్జీలు తగ్గాలంటారు. బ్యాంకు రాబడి నిలకడగా ఉండాలంటుంది. టవరు కింద ఉన్నవారు లైను దారి మళ్లించమంటారు, మళ్లిస్తే ఖర్చు పెరిగి చార్జీల్లోకి చేరుతుంది. పైగా లాభనష్టాల పంపకం సమంగా ఉండదు. విద్యుత్తును దూరప్రాంతాలకు మోసే కొత్త ప్రసార లైను వల్ల కలిగే మేలు లక్షల ఇళ్లకు పలచగా విస్తరిస్తే, కీడు మాత్రం ఆ లైను వెంట ఉన్న కొద్దిమంది మీద చిక్కగా పడుతుంది. బహిరంగ విచారణకు ఆ కొద్దిమందే వస్తారు, మేలు పొందే లక్షలమంది రారు. దాన్ని చూసి, వచ్చేవారంతా వ్యతిరేకులేనని ఇంజనీర్లు విసుక్కోవడం సహజమే కానీ, పలచని మేలు కోసం ఎవరూ ఒక రోజు పని మానుకొని రారన్న లెక్కను వారు మరచిపోతున్నారు. అందరినీ సంతోషపెట్టడం సంప్రదింపుల వల్ల కాదు. ఎవరికి ఎంత భారం పడుతోంది, అది వారి మీదే ఎందుకు పడుతోంది అన్నది దాచకుండా బల్ల మీద పెట్టడం మాత్రం అవుతుంది.

అమెరికాలో పట్టణ పునర్నిర్మాణ కార్యక్రమాలను దగ్గరగా చూసిన షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో ప్రజల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా వర్ణించారు. అట్టడుగున మభ్యపెట్టడం ఉంటుంది. మధ్యలో సమాచారం ఇవ్వడం, అభిప్రాయం అడగడం, బుజ్జగించడం ఉంటాయి. పైమెట్ల మీద భాగస్వామ్యం, అధికార బదలాయింపు, చివరికి పౌరుల నియంత్రణ. విద్యుత్ సంస్థలు చేసే పనిలో అధికభాగం సమాచారం ఇచ్చే, అభిప్రాయం అడిగే మూడు, నాలుగు మెట్ల దగ్గరే ఆగిపోతుంది. అందులో తప్పు లేదు, సాంకేతిక నిర్ణయాలన్నీ ఓటుకు పెట్టలేరు కదా. అయితే ఏ మెట్టు మీద ఉన్నారన్న దాని కంటే, నిర్ణయం ఇంకా తెరిచి ఉండగా అడిగారా, మూసేశాక అడిగారా అన్నదే ఎక్కువ విషయాలను తేలుస్తుంది.

ప్రసార లైను ఉదాహరణ తీసుకుంటే ఇది స్పష్టమవుతుంది. ఆ లైను అసలు అవసరమా అన్నది మొదటి నిర్ణయం. ఎంత వోల్టేజీలో, ఏసీనా (దిశ మారుతూ పోయే కరెంటు) డీసీనా (ఒకే దిశలో పోయే కరెంటు), ఆకాశమార్గమా భూగర్భమా అన్నది రెండోది. ఏ ప్రాంతాల మీదుగా వెళ్లాలన్నది మూడోది, టవర్లు ఎక్కడెక్కడ పాతాలన్నది నాలుగోది, పరిహారం ఎంత అన్నది అయిదోది. ప్రజలను సాధారణంగా పిలిచేది నాలుగో అడుగులోనో అయిదో అడుగులోనో. వారు మాత్రం మొదటి అడుగు గురించి అడుగుతారు: ఈ లైను ఎందుకు, ఎవరి కోసం? ఆ అంశం నేటి విచారణ పరిధిలోకి రాదని అధికారి జవాబు చెబుతారు. చట్టప్రకారం ఆ జవాబు సరైనదే కావచ్చు. విన్నవారికి అది తలుపు వేసిన చప్పుడుగానే వినిపిస్తుంది.

జర్మనీలో ఉత్తర ప్రాంతపు పవన విద్యుత్తును దక్షిణానికి చేర్చడానికి తలపెట్టిన సూడ్‌లింక్ ప్రాజెక్టు ఈ సంగతికి పెద్ద సాక్ష్యం. సుమారు 700 కిలోమీటర్ల ఈ డీసీ లైనును మొదట ఆకాశమార్గంలోనే వేయాలనుకున్నారు. దారి పొడవునా, ముఖ్యంగా బవేరియా, తురింగియా రాష్ట్రాల్లో, వ్యతిరేకత ఎగసింది. చివరికి 2015 చివర్లో ఇలాంటి డీసీ లైన్లకు భూగర్భ కేబుళ్లకే ప్రాధాన్యం ఇవ్వాలని చట్టం చేశారు. దాంతో అంతవరకూ గీసిన దారులు పక్కన పెట్టి ప్రణాళిక మళ్లీ మొదలుపెట్టవలసి వచ్చింది, ఖర్చు భారీగా పెరిగింది, 2022లో పూర్తి కావలసిన లైను గడువు 2028కి జరిగింది. ఆలస్యమంతా సంప్రదింపుల లోపం వల్లనే అనడం న్యాయం కాదు. భూగర్భ కేబులుకు దాని చిక్కులు దానికున్నాయి: తవ్వకం ఎక్కువ, నేల వేడెక్కుతుందన్న రైతుల ఆందోళన ఒకటి, లోపం వస్తే వెతికి బాగుచేయడానికి పట్టే సమయమూ ఎక్కువే. కానీ పైనా, కిందా అన్న రెండో అడుగు ప్రశ్నను ప్రజల ముందు మొదట్లోనే పెట్టి, ఖర్చుల లెక్కతో సహా చర్చించి ఉంటే, అదే నిర్ణయానికి ఇన్నేళ్లు పోగొట్టుకోకుండా చేరే అవకాశం ఉండేది.

అభిప్రాయం అడగడానికీ హక్కును గౌరవించడానికీ ఉన్న తేడా నార్వేలోని ఫోసెన్ వ్యవహారంలో తేటతెల్లమైంది. ఫోసెన్ ద్వీపకల్పంలో స్టోర్‌హేయా, రోవన్ అనే రెండు చోట్ల 151 గాలిమరలు నిలబెట్టారు. ఆ కొండలు ఉత్తర ఐరోపా ఆదివాసులైన సామీ తెగవారి రెయిన్‌డీర్ మందలకు శీతకాలపు మేత భూములు. అనుమతి ప్రక్రియలో పశుపోషకుల అభ్యంతరాలు నమోదయ్యాయి, చర్చలు జరిగాయి, పరిహారం మాట వచ్చింది. వివాదం తేలకముందే మరలు తిరగడం మొదలైంది. 2021 అక్టోబరు 11న నార్వే సుప్రీంకోర్టు పదకొండుమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా ఆ లైసెన్సులు చెల్లవని తీర్పు ఇచ్చింది. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక 27వ అధికరణం కాపాడే సాంస్కృతిక జీవన హక్కుకు అవి భంగం కలిగిస్తున్నాయన్నది ఆ తీర్పు సారం. తీర్పు వచ్చాకా మరలు ఆగలేదు. 2023 ఫిబ్రవరిలో యువ సామీలు ఓస్లోలో ఇంధన మంత్రిత్వశాఖ కార్యాలయంలో బైఠాయించారు. దక్షిణ ఫోసెన్ పశుపోషకులతో 2023 డిసెంబరులో, ఉత్తర ఫోసెన్ వారితో 2024 మార్చిలో ఒప్పందాలు కుదిరాయి.

ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, ఇది స్వచ్ఛమైన విద్యుత్తు పేరుతో జరిగిన పని, జరిగిన దేశం ఆదివాసుల హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 1989లో తెచ్చిన 169వ ఒడంబడికను అందరికంటే ముందు, 1990లో ఆమోదించిన దేశం. సంప్రదింపుల రికార్డు లేకపోవడం వల్ల ఆ అనుమతి కూలిపోలేదు. సంప్రదించినా, వారి జీవనాధారాన్ని దెబ్బతీసే అధికారం రాదని కోర్టు చెప్పినందువల్ల కూలిపోయింది. ఆదివాసుల హక్కులపై 2007లో ఐక్యరాజ్యసమితి చేసిన ప్రకటన స్వేచ్ఛగా, ముందుగా, పూర్తి వివరాలు తెలిసి ఇచ్చే సమ్మతి గురించి మాట్లాడింది. సమ్మతి అంటే కాదనే వీలు కూడా ఉండాలి. అభిప్రాయ సేకరణలో ఆ వీలు ఉండదు. ఈ రెండింటినీ ఒకే ఫైలులో, ఒకే పేరుతో పెట్టడం చాలా గొడవలకు మూలం.

జలవిద్యుత్ చరిత్ర ఈ పాఠాన్ని ఇంకా కఠినంగా చెబుతుంది. పెద్ద ఆనకట్టల వల్ల ప్రపంచవ్యాప్తంగా 4 కోట్ల నుంచి 8 కోట్లమంది నిర్వాసితులయ్యారని ప్రపంచ ఆనకట్టల కమిషన్ 2000లో అంచనా వేసింది. అంచనా కింది హద్దుకూ పై హద్దుకూ మధ్య నాలుగు కోట్ల మనుషుల తేడా ఉండటమే, వారిని లెక్కించడానికి కూడా ఎవరూ శ్రద్ధ పెట్టలేదనడానికి రుజువు. ఆ అనుభవాల తరువాతే అప్పులిచ్చేవారు షరతులు బిగించారు. 2003లో పెద్ద బ్యాంకులు, ప్రాజెక్టు వల్ల పర్యావరణానికీ ప్రజలకూ కలిగే ముప్పును చూశాకే అప్పు ఇవ్వాలనే ఈక్వేటర్ సూత్రాలను స్వీకరించాయి. ప్రపంచ బ్యాంకు బృందంలోని అంతర్జాతీయ ఆర్థిక సంస్థ, ప్రభావిత ప్రజలతో సంప్రదింపుల ప్రణాళిక, ఫిర్యాదుల పరిష్కార ఏర్పాటు రెండూ ఉండాలని తన ప్రమాణాల్లో చేర్చింది. బ్యాంకు అడిగినందుకు వినడం గొప్ప కారణం కాకపోవచ్చు, వినకపోవడం కంటే మేలే.

మేలులో వాటా ఇవ్వడం మరో పద్ధతి. డెన్మార్క్ 2008 చట్టం ప్రకారం, కొత్త గాలిమరల ప్రాజెక్టులో కనీసం 20 శాతం వాటాలను స్థానికులకు అమ్మకానికి పెట్టాలి, 4.5 కిలోమీటర్ల లోపు ఉన్నవారికి అందులో మొదటి హక్కు. ఆలోచన మంచిది, కానీ వాటా కొనాలంటే చేతిలో డబ్బు ఉండాలి, మర చప్పుడు వినడానికి డబ్బు అక్కర్లేదు. 2020లో ఆ పద్ధతిని తీసేసి, దగ్గరి ఇళ్లకు ఏటా కొంత మొత్తం చెల్లించే ఏర్పాటు తెచ్చారు. ఇలాంటి చెల్లింపులు హక్కుగా, ముందే ప్రకటించిన సూత్రం ప్రకారం వస్తే అవి న్యాయం. వివాదం ముదిరాక, నోరున్నవారి నోరు మూయించడానికి వస్తే అవి లంచంలాగే కనిపిస్తాయి, గ్రామాన్ని రెండుగా చీలుస్తాయి.

కొత్త నిర్మాణాలు ఎప్పుడో ఒకసారి వస్తాయి. రోజువారీ సంబంధం నిలిచేది, చెడేది కరెంటు పోయినప్పుడు. 2021 నవంబరు 26న ఆర్వెన్ తుఫాను బ్రిటన్‌ను తాకినప్పుడు పది లక్షలకు పైగా ఇళ్లకు సరఫరా ఆగిపోయింది, దాదాపు 4,000 ఇళ్లకు వారం దాటినా రాలేదు. తరువాత నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ జరిపిన సమీక్షలో విరిగిన స్తంభాలతో పాటు, సరఫరా ఎప్పుడు వస్తుందో తప్పుగా చెప్పడం, ఫోను చేసినవారికి జవాబు అందకపోవడం కూడా ప్రధాన లోపాలుగా తేలాయి. ఇంకో రెండు గంటల్లో వస్తుందని నాలుగుసార్లు చెప్పించుకున్న కుటుంబం, ఇంట్లో చలికి వణుకుతూనే ఉండిపోతుంది. రేపు సాయంత్రం దాకా రాదని ఒకేసారి నిజం చెబితే బంధువుల ఇంటికైనా వెళ్తుంది. నిజం చెప్పడం ఎందుకు కష్టమంటే, తుఫాను తరువాత మొదటి గంటల్లో సంస్థకే ఏది ఎంత దెబ్బతిన్నదో తెలియదు. లైను వెంట మనుషులు నడిచి చూస్తే గాని తేలదు. ఆ మాటే చెప్పవచ్చు. ఇంకా తనిఖీ చేస్తున్నాం, ఫలానా సమయానికి మళ్లీ చెబుతాం అన్న వాక్యం ఉత్త హామీ కంటే విలువైనది.

పునరుద్ధరణ క్రమం సంగతీ అంతే. ముందు ప్రసార లైన్లు, సబ్‌స్టేషన్లు, ఆ తరువాత ఎక్కువ ఇళ్లకు సరఫరా చేసే ఫీడర్లు, ఆ పైన ట్రాన్స్‌ఫార్మర్లు, చివరగా ఒక్కో ఇంటి సర్వీసు తీగ బాగుచేస్తారు. వీధికి ఒక పక్క దీపాలు వెలిగి మరో పక్క వెలగకపోతే, చాలాసార్లు ఆ రెండు పక్కలూ వేర్వేరు ఫీడర్ల మీద ఉండటమే కారణం. ఈ క్రమం తెలియనివారికి అది పలుకుబడి ఉన్నవారి పట్ల పక్షపాతంగా కనిపిస్తుంది. మామూలు రోజుల్లోనే దీన్ని వివరించి ఉంచిన సంస్థకు తుఫాను రోజున సగం కోపం తగ్గుతుంది.

కాలిఫోర్నియా అనుభవం మరీ బాధాకరమైనది. 2018 నవంబరు 8న మొదలైన క్యాంప్ ఫైర్ కార్చిచ్చుకు పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ సంస్థ ప్రసార లైను కారణమైంది. 85 మంది మరణించారు. అందులో 84 మరణాలకు సంబంధించి నరహత్య నేరాన్ని ఆ సంస్థ 2020 జూన్‌లో కోర్టులో అంగీకరించింది. ఈ మధ్యలో, 2019 అక్టోబరులో, బలమైన గాలులు వీచే రోజుల్లో నిప్పు రాజుకోకుండా ముందుజాగ్రత్తగా లక్షల ఇళ్లకు సరఫరా ఆపింది. ఏ ప్రాంతాల్లో ఎప్పుడు పోతుందో చూసుకోవడానికి జనం ఒక్కసారిగా రావడంతో సంస్థ వెబ్‌సైటు కుప్పకూలింది. కరెంటు ఆపడంలో తర్కం ఉంది. అయితే ఇంట్లో వైద్య పరికరాల మీద ఆధారపడినవారందరి పేర్లు ముందుగా నమోదై ఉంటేనే, కబురు అందిందో లేదో ఒక్కొక్కరికీ ఫోను చేసి, అందకపోతే తలుపు తట్టి రూఢి చేసుకుంటేనే ఆ తర్కం మనుషులకు పనికొస్తుంది. బ్రిటన్‌లో ప్రాధాన్య సేవల జాబితా పేరుతో వృద్ధులు, వికలాంగులు, రోగుల వివరాలను సంస్థలు నమోదు చేస్తాయి. జాబితా ఉండటం ఒక ఎత్తు, అందులో చేరవచ్చని తెలియనివారిని వెతికి పట్టుకోవడం మరో ఎత్తు.

ఇలాంటి జాబితాలు మర్యాద విషయం మాత్రమే అనుకునేవారికి 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ ఇచ్చిన జవాబు సరిపోతుంది. మంచు తుఫానులో విద్యుత్ కేంద్రాలు మొరాయించడంతో వంతులవారీ కోతలు మొదలుపెట్టారు. ఆసుపత్రుల వంటి అత్యవసర వినియోగదారులున్న ఫీడర్లను మినహాయించగా మిగిలినవి చాలక, వంతులు తిరగక, అవే ఇళ్లు రోజుల తరబడి చీకట్లో ఉండిపోయాయి. 45 లక్షలకు పైగా ఇళ్లు, సంస్థలు సరఫరా కోల్పోయాయి; రాష్ట్ర ప్రభుత్వ లెక్క ప్రకారం 246 మంది మరణించారు. విద్యుత్ కేంద్రాలకు గ్యాసు పంపే కొన్ని బావులు, కంప్రెసర్లు అత్యవసర వినియోగదారులుగా నమోదై లేవు. కోతల్లో వాటికీ కరెంటు పోయింది, గ్యాసు తగ్గింది, ఉత్పత్తి ఇంకా పడిపోయింది. ఒక ముఖ్యమైన పక్షంతో ముందుగా కూర్చొని ఒక ఫారం నింపించకపోవడం నేరుగా గ్రిడ్ సమస్యగా మారింది.

స్మార్ట్ మీటర్ల విషయంలో నెదర్లాండ్స్ కథ క్లుప్తంగా చెప్పుకోదగ్గది. ప్రతి ఇంటికీ ఆ మీటరు తప్పనిసరి చేసే బిల్లును 2009లో అక్కడి ఎగువ సభ ఆపింది. పావుగంటకోసారి నమోదయ్యే వాడకం చూస్తే ఇంట్లో ఎవరున్నారో, ఎప్పుడు నిద్రపోతారో తెలిసిపోతుందన్నది అభ్యంతరం. కాదనే హక్కు కల్పించిన తరువాతే చట్టం ముందుకు సాగింది.

చార్జీల నిర్ణయంలో సంప్రదింపులకు చట్టబద్ధత ఎక్కువ, సమానత్వం తక్కువ. సంస్థ వేలాది పేజీల ప్రతిపాదనలు సమర్పిస్తుంది. వాటిని తయారుచేసిన నిపుణుల ఫీజు చివరికి చార్జీల రూపంలో వినియోగదారే భరిస్తారు. ఆ లెక్కల్లో తప్పు పట్టడానికి మాత్రం అదే వినియోగదారు సొంత ఖర్చుతో నిపుణుణ్ని తెచ్చుకోవాలి. కాలిఫోర్నియాలో విచారణకు గణనీయంగా తోడ్పడిన ప్రజాసంఘాలకు వారి ఖర్చు తిరిగి చెల్లించే విధానం 1980ల నుంచి ఉంది. బ్రిటన్‌లో నెట్‌వర్క్ సంస్థలు పెట్టుబడి ప్రణాళికలు సమర్పించే ముందు స్వతంత్ర సభ్యులున్న వినియోగదారుల బృందాలు వాటిని నిలదీస్తాయి. వినడానికి చిన్న మార్పులే గాని, పత్రాలు చదవగలిగిన మనిషి అవతలి పక్షాన కూడా ఒకరున్నారని తెలిస్తే సంస్థ రాసే పత్రమే మారుతుంది.

ఆర్న్‌స్టీన్ నిచ్చెన పైమెట్టు ఎలా ఉంటుందో చూడాలంటే, అమెరికాలోని శాక్రమెంటోలో ప్రజలు ఎన్నుకున్న బోర్డు నడిపే విద్యుత్ సంస్థను చూడాలి. సొంత అణువిద్యుత్ కేంద్రం రాంచో సెకో మీద 1989 జూన్‌లో అక్కడి ఓటర్లు తీర్పు చెప్పారు, మరునాడే రియాక్టరు ఆగిపోయింది. 2013లో జర్మనీలోని హాంబర్గ్ నగరవాసులు చాలా స్వల్ప మెజారిటీతో తమ పంపిణీ వ్యవస్థలను తిరిగి కొనమని ఓటు వేశారు. యాజమాన్యం ప్రజలదైనంత మాత్రాన ఫిర్యాదులు వాటంతట అవే తీరవు. ప్రభుత్వ సంస్థలు చెవిటివైన ఉదాహరణలకు కొదవ లేదు.

సంస్థ లోపలి ఏర్పాటు గురించి తక్కువమంది మాట్లాడతారు. ప్రజలతో మాట్లాడే విభాగం ఒకచోట, లైను గీసే విభాగం మరోచోట ఉన్నప్పుడు, మొదటివారు విన్నది రెండోవారి నక్షా దాకా చేరదు. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ పరిధి నుంచి పదేపదే వచ్చే వోల్టేజీ ఫిర్యాదులు నిజానికి ఓవర్‌లోడ్ సమాచారం. వాటిని పరిష్కరించామని టిక్కు పెట్టి మూసేస్తే, అది కాలిపోయే రోజు దాకా ఇంజనీరుకు సంగతి తెలియదు. జనం ఎక్కువగా చూసే సంస్థ ముఖం లైన్‌మన్‌ది, మీటరు రీడింగు తీసేవారిది. వారికి రేపటి కోతల సంగతి వినియోగదారు కంటే ముందు తెలియకపోతే, ఎంత పెద్ద సంప్రదింపుల విధానం రాసుకున్నా ఆ ముఖం దగ్గర అది చెల్లదు.

ఒక పెద్ద లైను ఆలోచన నుంచి పూర్తయ్యేదాకా పదేళ్లు పట్టవచ్చు. ఆ లోపు ప్రాజెక్టు అధికారులు మూడుసార్లు మారతారు. మొదటి అధికారి బావి దగ్గర టవరు పెట్టబోమని, పంట కోత అయ్యాకే తీగ లాగుతామని, పని పూర్తయ్యాక బాట బాగుచేయిస్తామని చెప్పి వెళ్తారు. మూడో అధికారికి అందిన ఫైలులో టవరు నంబరు, ఎత్తు, పునాది లోతు ఉంటాయి గాని ఆ మాటలు ఉండవు. రైతు మాత్రం ఆ మాటలు అన్న రోజుతో సహా గుర్తుంచుకుంటారు. కొన్ని సంస్థలు ఇప్పుడు హామీల రిజిస్టరు ఉంచుతున్నాయి: ఏ టవరు, ఎవరికి, ఏ తేదీన, ఏ మాట ఇచ్చారు, అది తీరిందా లేదా అన్నవి సాంకేతిక వివరాల పక్కనే నమోదై, తీగ లాగే కాంట్రాక్టరు చేతికి కూడా వెళ్తాయి. ఆ కాగితం రెండో ప్రతి రైతు దగ్గర కూడా ఉండాలి.